టోక్యోలో నవలల వేట: ఏ దుకాణం ముందు, ఏది తర్వాత

జపాన్ వెళ్లే పుస్తకాల పిచ్చివాళ్లు ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటే. దిగీ దిగగానే జింబోచోకి పరిగెడతారు. పాత పుస్తకాల దుకాణాలు నూటికి పైగా ఒక్కచోట ఉన్న పేట అది. చూడాల్సిందే, సందేహం లేదు. కానీ ఇవాళ జపాన్ జనం ఏం చదువుతున్నారో పట్టుకోవాలంటే మొదట వెళ్లాల్సిన చోటు అది కాదు. అక్కడి సరుకులో చాలా భాగం పాతది, పండితులది, సేకరణదారులది. దారి తెలియకుండా వెళ్తే రెండు గంటలు తిరిగి ఒక ఉడ్‌బ్లాక్ బొమ్మా, రెండు పోస్ట్‌కార్డులూ కొనుక్కుని బయటపడతారు.

ఈ సమీక్షలో నాలుగు చోట్లున్నాయి: షింజుకులో కినోకునియా, టోక్యో స్టేషన్ పక్కన మారుజెన్, ఊరంతా ఉన్న పాతపుస్తకాల చైన్ బుక్ ఆఫ్, చివర జింబోచో. వరస కావాలనే అలా పెట్టింది. కొత్త పుస్తకాల దుకాణంలో దేశపు కథాసాహిత్యం ఎలా అమరి ఉందో చూడాలి, ఇంగ్లీషు అంతస్తులో అందులో ఎంత అనువాదమైందో చూడాలి, బుక్ ఆఫ్‌లో చవగ్గా కొనాలి, ఆ తర్వాతే జింబోచో. తలకిందులుగా వెళ్తే నాలుగు చోట్లా సగం సగమే దక్కుతుంది.

జపనీస్ ఒక్క ముక్క రాకపోయినా పనవుతుందా అంటే, అవుతుంది. దుకాణాలకన్నా ముందు పుస్తకం వెనక అట్ట చదవడం నేర్చుకోవాలి.

వెనక అట్ట, వీపు, చివరి పేజీ

జపాన్‌లో అచ్చయిన పుస్తకం వెనక రెండు బార్‌కోడ్లు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పైది 978తో మొదలయ్యే ఐఎస్‌బీఎన్, అంటే ప్రతి పుస్తకానికీ విడిగా ఇచ్చే అంతర్జాతీయ సంఖ్య. దాని వెంటనే వచ్చే 4 జపాన్ అంకె. కిందది 192తో మొదలవుతుంది. వర్గమూ ధరా అందులో ఉంటాయి. ఆ రెండింటినీ మనిషి కంటికి కూడా దగ్గర్లోనే చిన్నగా అచ్చు వేస్తారు: ఇంగ్లీషు సి అక్షరం, దాని వెనక నాలుగంకెలు, తర్వాత యెన్ గుర్తుతో ధర.

కిటుకంతా ఆ నాలుగంకెల్లో ఉంది. మొదటి అంకె ఎవరి కోసమో చెబుతుంది: 0 అయితే సాధారణ పాఠకులు, 8 అయితే పిల్లలు. రెండోది పుస్తకం రూపం: 0 అంటే విడి పుస్తకం, మామూలుగా గట్టి అట్టతో వచ్చేది, 1 అంటే బుంకో, అంటే జేబు సైజు, 2 అంటే షిన్షో, కాస్త పొడుగ్గా సన్నగా ఉండేది. చివరి రెండంకెలు విషయం: 93 జపనీస్ కథలూ నవలలూ, 97 విదేశీ కథాసాహిత్యం, 92 కవిత్వం, 95 వ్యాసాలూ విమర్శా, 79 కామిక్స్. కాబట్టి 0193 అని ఉంటే అది జేబు సైజు జపనీస్ నవలో, కథల సంపుటో. 0093 అంటే అదే సరుకు గట్టి అట్టలో. అట్ట మీద ముద్దొచ్చే పిల్లి బొమ్మ చూసి నవల అనుకుని కొన్నది, గదికి వెళ్లి చూస్తే 0195, అంటే ఎవరో తన పిల్లి గురించి రాసుకున్న వ్యాసాలు. అట్టని నమ్మకూడదు, అంకెని నమ్మాలి.

ఈ అంకె చేయలేని పని ఒకటుంది. కౌమార పాఠకుల కోసం బొమ్మలతో వచ్చే లైట్ నవలలకీ 0193 అనే వేస్తారు. వాటికి మాత్రం అట్టే ఆధారం. యానిమే, అంటే జపాన్ కార్టూన్ సినిమా తరహా బొమ్మ, మిరుమిట్లు గొలిపే రంగులు, ఒక్కోసారి వాక్యమంత పొడుగున్న పేరు కనిపిస్తే అది లైట్ నవల. చాలా దుకాణాల్లో వాటికి అల్మారా కూడా వేరు, తరచు కామిక్స్ పక్కన.

ధర పక్కన "హోంతాయ్" అన్న రెండక్షరాల మాట ఉంటే పన్ను కలపలేదని అర్థం. పుస్తకాల మీద 10 శాతం పన్ను. 800 అని ఉంటే కౌంటర్ దగ్గర 880 యెన్లు. కొత్త పుస్తకం ధర ప్రచురణకర్త నిర్ణయిస్తాడు, దుకాణం తగ్గించకూడదు. అందుకే పక్క దుకాణంలో చవగ్గా దొరుకుతుందేమోనని కాళ్లరిగేలా తిరగక్కర్లేదు. ఎక్కడ కొన్నా అదే ధర.

ఇక చివరి పేజీ. దాన్ని ఒకుజుకే అంటారు. పుస్తకం కుడి నుంచి ఎడమకి తెరుచుకుంటుంది కాబట్టి మన చేతికి మొదటి పేజీలా తగిలేది నిజానికి ఆఖరుది. ఫోన్ కెమెరా అనువాదాలు నిలువు రాతతో, అలంకారపు అక్షరాలతో తడబడతాయి. మనుషుల పేర్ల దగ్గరైతే మరీను. ఒకే చిత్రాక్షరాల జతకి జపాన్‌లో రెండు మూడు ఉచ్చారణలుంటాయి, యంత్రం తనకి తోచింది చెబుతుంది. ఆ పేరుతో రచయిత కోసం వెతికితే ఎవరూ దొరకరు. ఒకుజుకే ఈ చిక్కు తీరుస్తుంది. చాలా బుంకోల్లో అక్కడ కాపీరైట్ గుర్తు పక్కన రచయిత పేరు ఇంగ్లీషు లిపిలో, పక్కన సంవత్సరంతో సహా ఉంటుంది. ఆ పేరే వెతకాలి. పుస్తకం పేరుతో మాత్రం వెతకొద్దు. ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు పేర్లు గుర్తు పట్టలేనంతగా మారిపోతాయి.

అదే పేజీలో ఎన్నో ముద్రణో కూడా ఉంటుంది. నలభయ్యో ముద్రణ, యాభయ్యో ముద్రణ అని కనిపిస్తే ఆ నవల గడియారం ముల్లులా ఏళ్ల తరబడి కదులుతోందన్నమాట. ఏ ప్రచారం కన్నా ఇది నమ్మదగ్గ లెక్క. తేదీలు కొందరు చక్రవర్తుల శకాల్లో వేస్తారు. షోవా సంవత్సరానికి 1925, హేసెయికి 1988, రేవాకి 2018 కలుపుకోవాలి. షోవా 52 అంటే 1977.

కినోకునియా, షింజుకు

1927లో మొదలైన ఈ దుకాణం షింజుకు స్టేషన్ తూర్పు వైపు గేటు నుంచి నాలుగడుగులే. ఇక్కడో హెచ్చరిక. అదే పేరుతో షింజుకులో ఇంకో చోటు ఉంది, స్టేషన్‌కి దక్షిణాన తకషిమాయా టైమ్స్ స్క్వేర్ కట్టడం ఆరో అంతస్తులో. అది విదేశీ భాషల పుస్తకాలది. రెండింటి మధ్య నడక పది పదిహేను నిమిషాలు. షింజుకు స్టేషన్ లోపల దారి తప్పితే అరగంట కూడా పట్టొచ్చు. మ్యాప్‌లో పేరు కొట్టి మొదట వచ్చింది నొక్కేసేవాళ్లు ఒక దానికి బదులు ఇంకో దానికి చేరతారు. మొదట తూర్పు వైపున్న ప్రధాన దుకాణానికే వెళ్లాలి.

లోపలికి వెళ్లగానే అల్మారాల వైపు కాకుండా బల్లల వైపు చూడాలి. అట్ట పైకి కనిపించేలా దొంతరలు పేర్చిన బల్లలు ఆ వారం దుకాణం దేని మీద పందెం కాసిందో చెబుతాయి. దొంతర ఎత్తు, ఎన్ని దొంతరలు పక్క పక్కన ఉన్నాయి, చేతిరాత చీటీ నిలబెట్టారా లేదా, ఇవి చూడాలి. ఆ చీటీలు దుకాణంలో పనిచేసేవాళ్లే చదివి రాస్తారు. జపాన్‌లో వీటికి ఎంత విలువ వచ్చిందంటే, 2004 నుంచి దుకాణ సిబ్బంది ఓట్లతోనే ఇచ్చే హోన్యా తైషో అన్న బహుమతి నడుస్తోంది. తుది జాబితా ఫిబ్రవరిలో, విజేత ఏప్రిల్‌లో. చదివించే గుణం ఉన్న నవల ఒక్కటి చాలు అనుకునేవాళ్లకి గుడ్డిగా సిఫార్సు చేయదగ్గది ఈ జాబితా. న్యాయనిర్ణేతలు రచయితలు కారు, గల్లాపెట్టె దగ్గర నిలబడేవాళ్లు. ఆ తేడా ఎంపికలో కనిపిస్తుంది.

పుస్తకం నడుముకి కట్టిన కాగితం పట్టీ పేరు ఓబి. ప్రచారమంతా దాని మీదే: ఎన్నో సారి ఇచ్చిన ఏ బహుమతి, సినిమా వచ్చిందా, ఎన్ని ప్రతులు వేశారు. ప్రతుల లెక్క పదివేలల్లో చెబుతారు. అంకె పక్కన "మన్" అనే అక్షరం ఉంటే పదివేలతో హెచ్చవేయాలి, 30 అని ఉంటే మూడు లక్షలన్నమాట. ఓబిని చింపి పారేయొద్దు. పాతపుస్తకాల లోకంలో ఓబి ఉన్న ప్రతికీ లేని ప్రతికీ ధరలో తేడా ఉంటుంది.

ఉన్నత సాహిత్యం, జనరంజక సాహిత్యం అన్న విభజన జపాన్‌లో బాహాటంగానే ఉంది. దానికి రెండు బహుమతులున్నాయి, రెండూ 1935లో ఒకే చేత్తో పెట్టినవి. బుంగెయ్‌షుంజు పత్రికాధిపతి కికుచి కాన్ తన స్నేహితులిద్దరి పేర వాటిని నెలకొల్పాడు. అకుతాగావా బహుమతి పత్రికల్లో వచ్చిన రచనలకి, ఎదుగుతున్న రచయితలకి. నావొకి బహుమతి జనం చదివే నవలలకి. ఏడాదికి రెండుసార్లు, జనవరిలో ఒకటి, జులైలో ఒకటి, రెండింటి ఫలితాలూ ఒకే సాయంత్రం. ఇచ్చేది ఒక జేబు గడియారం, పది లక్షల యెన్లు. గడియారమే అసలు బహుమతి, డబ్బు దానికి తోడు. ఫలితం వచ్చిన మర్నాటికల్లా బల్లలు మారిపోతాయి. ఆ రెండు నెలల ద్వితీయార్ధంలో టోక్యోలో ఉండే వీలుంటే వదులుకోవద్దు.

అకుతాగావా రచనలు నిడివిలో చిన్నవి. విడి పుస్తకం వచ్చినా సన్నగా ఉంటుంది. నెగ్గిన రచనని బుంగెయ్‌షుంజు మాసపత్రిక మార్చి, సెప్టెంబర్ సంచికల్లో పూర్తిగా వేస్తుంది. జపనీస్ చదవగలిగేవాళ్లకి ఆ సంచిక కొనడం గట్టి అట్ట పుస్తకం కన్నా లాభసాటి. న్యాయనిర్ణేతల అభిప్రాయాలు కూడా అందులోనే ఉంటాయి, ఎవరికి నచ్చలేదో కూడా తెలుస్తుంది. ఇంకాస్త ముందే చదవాలంటే పత్రికల మూలకి వెళ్లాలి. బుంగకుకాయ్, షించో, గుంజో, సుబారు, బుంగెయ్ అన్న అయిదు పత్రికలే అకుతాగావాకి ప్రధాన ద్వారాలు.

ఇప్పుడు బుంకో అల్మారాలు. కొత్త నవల మొదట గట్టి అట్టలో వస్తుంది, రెండు మూడేళ్లకి బుంకోగా మారుతుంది. కాబట్టి బుంకో బల్ల మీద "కొత్త"ది అంటే రెండు మూడేళ్ల కింద చర్చ జరిగినది. దీన్ని లోపం అనుకోనక్కర్లేదు, అప్పటికి పొల్లు ఎగిరిపోయి గింజ మిగులుతుంది. సైజు 105 × 148 మిల్లీమీటర్లు. హయకావా అనే ప్రచురణసంస్థ బుంకోలు మాత్రం కొన్ని మిల్లీమీటర్లు పొడుగు. బట్ట కవర్లు కొనుక్కునేవాళ్లు ఇది చూసుకోకపోతే మూడొందల పేజీల సైన్స్ ఫిక్షన్ నవల అందులో దూరదు.

చాలామంది ఇక్కడ చేసే తప్పు, ఒక రచయిత పుస్తకాలన్నీ ఒకే చోట ఉంటాయనుకోవడం. ఉండవు. బుంకో అల్మారాలు మొదట ప్రచురణసంస్థ ప్రకారం, దానిలోపల రచయిత ప్రకారం. షించో, కోదాంషా, కడొకవా, బుంషున్, షుయెయ్‌షా, సోగెన్ వేటి గూళ్లు వాటివి. ఒకే డిటెక్టివ్ రచయిత నవలలు ఆరు చోట్ల చెల్లాచెదురుగా ఉండొచ్చు. ఒక చోట నాలుగు చూసి "ఇంతే ఉన్నాయి" అనుకుని వచ్చేస్తారు.

గూట్లో వరస మాత్రం తెలుగువాళ్లకి తేలిక. జపాన్ వర్ణక్రమం అ, ఇ, ఉ, ఎ, ఒ. తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. మన గుణింతాల చార్టు జల్లెడ పట్టినట్టు ఉంటుంది. కారణముంది: సంస్కృత ధ్వనిశాస్త్రం చదివిన బౌద్ధ భిక్షువుల ద్వారా ఈ అమరిక అక్కడికి చేరింది. మన చ ఉండాల్సిన చోట స ఉంది. మన ప ఉండాల్సిన చోట హ ఉంది, ఎందుకంటే ఆ ధ్వని పూర్వం ప గానే పలికేవారు. ఇంగ్లీషు ఒక్కటే వచ్చినవాళ్లు ఈ అల్మారా ముందు తెల్లమొహం వేస్తారు. మనకైతే ఇంటిపేరు మొదటి అక్షరం తెలిస్తే చాలు, క తర్వాత స, త తర్వాత న అనుకుంటూ వెళ్లిపోవచ్చు. పేరులో ఇంటిపేరే ముందొస్తుంది, అదీ మన పద్ధతే.

బుంకో వీపు అడుగున ఒక గుర్తుంటుంది: ఒక హిరగానా (ఉచ్చారణని బట్టి రాసే జపాన్ లిపి) అక్షరం, ఒక అంకె, ఇంకో అంకె. అక్షరం రచయిత పేరు మొదలు, మొదటి అంకె ఆ అక్షరంలో ఆ రచయితకి ఇచ్చిన సంఖ్య, రెండోది ఆ సంస్థలో అతని ఎన్నో పుస్తకమో. రెండు పుస్తకాల మీద మొదటి రెండూ ఒకటే అయితే రచయిత ఒకడే. షించో బుంకోకైతే వీపు రంగు కూడా రచయితని బట్టి మారుతుంది. ఈ సంస్థ పుస్తకాలకి ఇంకా దారపు గుర్తుపట్టీ ఉంటుంది, అది అలా ఉంచడం కోసం పై అంచు కత్తిరించకుండా వదిలేస్తారు. ఆ గరుకు అంచు చూసి పాడైన ప్రతి అనుకుని వెనక్కి పెట్టొద్దు.

నిలబడి చదవడానికి ఎవరూ ఏమీ అనరు, దానికి తచియోమి అని ఒక మాటే ఉంది. లోపలి పేజీలు ఫోటో తీయడం మాత్రం తప్పు, దొంగతనంతో సమానంగా చూస్తారు. ఐఎస్‌బీఎన్ కాగితం మీద రాసుకోవడం మేలు. కౌంటర్ దగ్గర కవర్ వేయమంటారా అని అడుగుతారు. ఆ కాగితపు అట్ట ఉచితం, క్షణంలో మడిచి వేసిచ్చే తీరు చూడ్డానికైనా సరే అనొచ్చు. ప్లాస్టిక్ సంచికి మాత్రం 2020 జులై నుంచి విడిగా డబ్బు కట్టాలి.

జులై, ఆగస్టుల్లో వెళ్లేవాళ్లకి ఇంకో సౌకర్యం. షించో బుంకో 1976 నుంచి ప్రతి వేసవికీ "వంద పుస్తకాలు" అన్న ఎంపికని ప్రత్యేకంగా పేరుస్తోంది. కడొకవా, షుయెయ్‌షా కూడా పోటీగా తమవి పెడతాయి. పాత క్లాసిక్కులూ నిన్నటి జనరంజక నవలలూ కలగలిపి ఉండే ఈ బల్లలు, వాటితో పాటు ఇచ్చే ఉచిత చిన్న పుస్తకం, దేశపు కథాసాహిత్యానికి ఒక పేజీ పటం లాంటివి. తీసుకోవడం మర్చిపోవద్దు.

ఇంగ్లీషు అంతస్తులు

తకషిమాయా పక్కనున్న కినోకునియా ఆరో అంతస్తు ఒకటి, టోక్యో స్టేషన్ మారునోఉచి ఉత్తర గేటు ఎదురుగా ఒఆజో కట్టడంలో మారుజెన్ నాలుగో అంతస్తు ఇంకోటి. జపాన్ సాహిత్యానికి ఇంగ్లీషు అనువాదాలు రెండు చోట్లా విడిగా పెడతారు. సంఖ్య దృష్ట్యా కినోకునియాకి వెళ్లాలి. రైలు ఎక్కేముందు గంట సమయం ఉందంటే మారుజెన్‌కి వెళ్లాలి, పొద్దున 9కే తెరుస్తారు. అదే అంతస్తులో ఉన్న కాఫీ హోటల్లో హయాషి రైస్ తినొచ్చు. 1869లో మారుజెన్‌ని స్థాపించిన హయాషి పేరు మీదే ఆ వంటకం వచ్చిందన్న ప్రచారం దుకాణం ఇష్టంగా మోస్తుంది.

ఈ అంతస్తుల మీద ఒక ఫిర్యాదు, నిజానికి దుకాణాల మీద కాదు, అనువాద మార్కెట్ మీద. ప్రధాన దుకాణంలో జపనీస్ బల్లల మీద ఏముందో చూసి వచ్చినవాళ్లకే ఇది తెలుస్తుంది, అందుకే మొదట అక్కడికి వెళ్లమన్నది. ఇంగ్లీషు బల్ల నిండా పిల్లులు, కాఫీ హోటళ్లు, పాత పుస్తకాల కొట్లు, మనసు కుదుటపరిచే చిన్న కథలు. జపాన్ అంతా ఇదే చదువుతోందేమో అనిపిస్తుంది. జపనీస్ బల్లల మీద రాజ్యమేలేది డిటెక్టివ్ నవల. డిసెంబర్‌లో "కోనో మిస్టరీ గా సుగొయ్" లాంటి వార్షిక జాబితాలు రాగానే, అందులో మొదటి పది స్థానాల్లో ఉన్నవాటికి బల్లలే కేటాయిస్తారు. 1954లో పెట్టిన ఎదొగావా రాంపో బహుమతి కొత్త డిటెక్టివ్ రచయితలకి ఇప్పటికీ రాచబాట.

అంతకన్నా పెద్ద ఖాళీ ఇంకోటి. సైనిక పాలకులు ఏలిన పాత ఎదో కాలం నాటి సమురాయిలు, ఊరి పోలీసులు, వంటవాళ్లు, మంత్రసానులు పాత్రలుగా వరసగా వచ్చే చారిత్రక నవలలు. గట్టి అట్టలో రాకుండా నేరుగా బుంకోగానే అచ్చయి, పదీ ఇరవై భాగాలు సాగుతాయి. జపాన్ దుకాణాల్లో వీటికి గోడలకి గోడలే ఉన్నాయి, చదివేది ఎక్కువగా నడివయసు దాటినవాళ్లు. ఇంగ్లీషులో ఇవి దాదాపు లేవు. బ్యాంకులూ కంపెనీల లోపలి రాజకీయాలు నడిపే ఉద్యోగుల నవలలూ అంతే. ఒక దేశపు జనరంజక సాహిత్యంలో ఏది ఎగుమతి అవుతుందో, ఏది ఇంట్లోనే ఉండిపోతుందో ఒకే మధ్యాహ్నం కళ్లారా చూడగలిగేది ఇక్కడే.

ధర సంగతి. దిగుమతి పుస్తకాలకి దుకాణమే మారకపు రేటు చూసి ధర వేస్తుంది. ఒకే అనువాదం బ్రిటిష్ ముద్రణా అమెరికన్ ముద్రణా పక్క పక్కన వేర్వేరు ధరలతో ఉండొచ్చు, రెండూ తీసి చూడాలి. అవి మీ ఊళ్లోనో ఆన్‌లైన్‌లోనో దొరుకుతాయి కూడా, మోసుకురావడం దండగ. ఐఎస్‌బీఎన్ 978-4తో మొదలైన ఇంగ్లీషు పుస్తకాలు వేరు. అవి టటుల్ లాంటి సంస్థలు జపాన్‌లోనే వేసినవి, పాత ఆధునిక క్లాసిక్కులు వాటిలో ఎక్కువ. కనిపిస్తే ఇక్కడే కొనాలి.

పర్యాటకులకి పన్ను మినహాయింపు ఉన్న దుకాణాల్లో, ఒకే రోజు ఒకే చోట పన్ను కాకుండా 5,000 యెన్లకి తగ్గకుండా కొంటే అది వర్తిస్తుంది. పాస్‌పోర్ట్ అసలుది చేతిలో ఉండాలి, ఫోటో చెల్లదు. 2026 నవంబర్ 1 నుంచి పద్ధతి మారుతుంది. ముందు పన్ను కట్టి, దేశం వదిలేటప్పుడు తిరిగి పొందాలి.

బుక్ ఆఫ్

1990లో మొదలైన పాతపుస్తకాల చైన్. వాసన ఉండదు, దుమ్ము ఉండదు, వెలుతురు దుకాణమంతా ఒకేలా ఉంటుంది. పాతపుస్తకాల కొట్టులో ఉండాల్సిన మజా అంతా పోయిందని పెదవి విరిచేవాళ్లుంటారు. చవగ్గా నవలలు కావాలంటే మాత్రం దీనికి సాటి లేదు. పన్నుతో కలిపి 110 యెన్లకే బుంకోలు దొరికే గూళ్లున్నాయి. అన్నిటికన్నా మంచి సంగతి, ఇక్కడ బుంకోలు రచయిత ప్రకారం సర్దుతారు, ప్రచురణసంస్థ ప్రకారం కాదు. కొత్త దుకాణంలో ఆరు చోట్ల ఉన్న రచయిత ఇక్కడ ఒక్క గూట్లో వరసగా నిలబడి ఉంటాడు. ఎవరు ఎంత రాశారో అడుగుల లెక్కన కొలవచ్చు. చవక గూళ్లలో ఎవరి పుస్తకాలు ఎక్కువ పోగయ్యాయో, పదేళ్ల కింద వాళ్లే లక్షల్లో అమ్ముడుపోయారని అర్థం.

ఇక్కడ పొంచి ఉన్న ఉచ్చు రెండు భాగాల నవల. పెద్ద నవలని బుంకోలో రెండుగా, మూడుగా విడగొట్టి వేస్తారు. మొదటి భాగం మీద "పైన" అన్న అక్షరం, రెండో దాని మీద "కింద" అన్న అక్షరం. గుర్తుపట్టడం తేలిక. అడుగున అడ్డగీత ఉండి దాని మీద నిలువుగీత నిలబడితే మొదటి భాగం. పైన అడ్డగీత ఉండి దాన్నించి నిలువుగీత వేలాడితే రెండోది. మధ్యది కూడా ఉంటే దాని మీద ఒక పెట్టె, పెట్టె నడిమి నుంచి దూసుకుపోయిన నిలువుగీత. చవక గూళ్లలో రెండో భాగం ఒంటరిగా దొరకడం మామూలే. ఎవరైనా మొదటి భాగం ఉంచుకుని రెండోది అమ్మేస్తారా అని ఆలోచించే తీరిక ఉండదు, 110 యెన్లే కదా అని బుట్టలో పడేస్తారు. వీపు మీద పేరు కింద ఆ గీత ఎటుందో చూశాకే వేయాలి.

హిరగానా నేర్చుకున్నవాళ్లు పిల్లల విభాగంలోకి సిగ్గుపడకుండా వెళ్లాలి. కోదాంషా వాళ్ల అఒయ్ తోరి బుంకో, కడొకవా వాళ్ల త్సుబాసా బుంకో చిత్రాక్షరాల పక్కన ఉచ్చారణ అచ్చువేస్తాయి. వెనక అట్ట మీద అంకె 8తో మొదలై 93తో ముగుస్తుంది. పెద్దల డిటెక్టివ్ నవలలు కొన్ని ఈ రూపంలో కూడా వచ్చాయి. నిఘంటువు తిరగేసే పని సగానికి సగం తగ్గుతుంది.

జింబోచో

ఇప్పుడు వెళ్లొచ్చు. స్టేషన్‌కి మూడు లైన్లు వస్తాయి: తోయెయ్ మితా, తోయెయ్ షింజుకు, హంజోమోన్. యాసుకుని వీధికి దక్షిణం వైపునే దుకాణాలు ఎక్కువ. మొహం ఉత్తరానికి ఉంటే ఎండ లోపలికి పడదు, కాగితం పచ్చబడదు. కాబట్టి నడక అంతా ఒకే పక్కన. వీధిలోకి తోసిన బళ్ల మీద ఒకే ధర పుస్తకాలుంటాయి. అసలు సరుకు లోపల.

ప్రతి దుకాణానికీ ఒక విద్య. యాగుచి సినిమా, నాటకం. ఎట్ వండర్ సైన్స్ ఫిక్షన్, డిటెక్టివ్. జనరంజక సాహిత్యం కోసం వచ్చినవాళ్లు నేరుగా దీనికే వెళ్లాలి, పాత డిటెక్టివ్ పత్రికలు, ఇప్పుడు ముద్రణలో లేని బుంకోలు ఇక్కడ దొరుకుతాయి. దాని పక్కనే 1902 నాటి కితాజావా, రెండో అంతస్తులో ఇంగ్లీషు పాత పుస్తకాలు. అందమైన చోటు, కానీ అక్కడ ఉండేది ప్రధానంగా ఇంగ్లీషు సాహిత్యం, జపాన్ సాహిత్యపు అనువాదాలు కాదు. ఈ తేడా తెలియక నిరాశపడేవాళ్లు చాలామంది. జపాన్ గురించి ఇంగ్లీషులో పాత పుస్తకాలు కావాలంటే ఇస్సెయ్‌దో పై అంతస్తు మేలు.

వెనక సుజురాన్ వీధిలో తోక్యోదో కొత్త పుస్తకాల దుకాణం. దాని బల్లలు షింజుకు బల్లలకి పూర్తిగా భిన్నం. సినిమా నవలలు తక్కువ, చిన్న ప్రచురణకర్తలు ఎక్కువ. అదే వీధిలో 2022 మార్చిలో తెరిచిన పస్సాజ్‌లో గూడు గూడునీ ఒకరు అద్దెకి తీసుకుంటారు. రచయితలు, విమర్శకులు, మామూలు పాఠకులు తమకి నచ్చినవి అందులో పెడతారు. ఏ గూడు ఎవరిదో చూసుకుంటూ వెళ్లాలి. కొనకపోయినా ఒక గంట గడిచిపోతుంది.

ధర పెన్సిల్‌తో చివరి పేజీలోనో, చిన్న చీటీ మీదో ఉంటుంది. బేరం ఆడరు. మైనం కాగితం చుట్టిన పుస్తకం తామే తెరవకుండా దుకాణదారుని అడగాలి. కొన్ని చోట్ల కార్డు తీసుకోరు, నోట్లు దగ్గర పెట్టుకోవాలి. ఆదివారం చాలా కొట్లు మూసి ఉంటాయి, మిగతా రోజుల్లో సాయంత్రం ఆరు, ఏడింటికే తలుపులు వేస్తారు. రాత్రి భోజనం చేసి తీరిగ్గా వెళ్దాం అనుకునే పేట కాదు. అక్టోబర్ చివర్లో మొదలై నవంబర్ మొదటి రోజుల దాకా సాగే పాతపుస్తకాల జాతర 1960 నుంచి ఉంది. అప్పుడు కాలిబాట పొడుగునా అల్మారాలు పెడతారు. ధరలు బాగుంటాయి, జనం తోపులాట ఉంటుంది, వాన వస్తే అల్మారాల మీద ప్లాస్టిక్ పరదాలు దించేస్తారు.

మోత సంగతి: ఒక మామూలు బుంకో 150 నుంచి 200 గ్రాములు. పది కొన్నా రెండు కిలోల లోపే. గట్టి అట్టవి అంతకి రెట్టింపుకి పైగా తూగుతాయి. ఎక్కువైతే పోస్టాఫీసులో అచ్చు సామగ్రి కింద పంపొచ్చు. ఒక పొట్లం 5 కిలోల దాకా, అది దాటితే ఒకే చిరునామాకి 30 కిలోల దాకా పట్టే ప్రత్యేక సంచి పద్ధతి ఉంది. పొట్లంలో ఉత్తరం పెట్టకూడదు, పెడితే ఆ రేటు వర్తించదు. "చదివి చెప్పు" అని రాసిన చీటీ అయినా సరే.